చెయ్యి వదిలినా ఆగని బండి

అసలు పేరు చెప్పి అడిగితే ఆ వీధిలో ఎవరూ అతని షాపుకు దారి చూపించలేరు. ఫ్యూజు ఎక్కడంటే మాత్రం పాలు పోసేవాడి దగ్గర్నుంచి పోస్టుమ్యాన్ దాకా అందరూ వేలు చూపిస్తారు. పాతికేళ్ళ కిందట షాపు తెరిచిన మొదటి రోజునే ఏదో కలపబోయి ఇంకేదో కలిపి, వీధి వీధంతా కరెంటు పోగొట్టిన ఘనుడు. ఆ పేరు జిగురులా అంటుకుంది. పని మాత్రం తర్వాత బాగా నేర్చుకున్నాడు. మోటారు సైకిళ్ళ వైరింగులో అతను చెయ్యి పెడితే తిరుగులేదని ఇప్పుడు ఊళ్ళో పేరు. మనిషి పొడుగు, చేతులు ఇంకా పొడుగు. ట్యాంకు కింద, ఇంజను వెనక, మరొకరి వేలు కూడా దూరని సందుల్లోకి అతని చెయ్యి మోచేతి దాకా పోయేది.

ఒక మంగళవారం పొద్దున అతని అక్క మొగుడు తన పెద్ద బండి మీద వచ్చి షాపు ముందు ఆగాడు. బావ ముప్ఫై రెండేళ్ళు రైలింజను నడిపిన మనిషి. ఇంకా మూడేళ్ళు సర్వీసు ఉండగానే, డ్యూటీలు చాలు అంటూ తనే కాగితం ఇచ్చి ఇంటికి వచ్చేశాడు. ఆ బండికి పద్దెనిమిదేళ్ళు. దూర ప్రయాణాలకని చేసిన బండి. ముందు గాలి అద్దం, రెండు పక్కలా పెట్టెలు, వెనక కూర్చునే మనిషికి కుర్చీ లాంటి సీటు. బావ దాన్ని రోజూ పసిబిడ్డను తుడిచినట్టు తుడిచేవాడు.

అతను పెట్టెలోంచి ఒక గోనె సంచీ తీసి బల్ల మీద బోర్లించాడు. ఒక నల్ల డబ్బా, అందులోంచి తోకలా వేలాడే కేబులు, చిన్న కంప్యూటరు పెట్టె, బటన్లున్న హ్యాండిల్ స్విచ్చి, నాలుగైదు చిన్న స్విచ్చులు దొర్లి పడ్డాయి.

"క్రూజ్ కంట్రోలు. కంపెనీదే. ఇదే మోడలు, ఇదే సంవత్సరం. తుక్కుకు పోతున్న బండిలోంచి విప్పించా," అన్నాడు బావ. "నీ చేతికిస్తే మళ్ళీ వీధంతా చీకటవుతుందని మీ అక్క అంది. అయినా ధైర్యం చేసి తెచ్చా."

"మా అక్కని నీ చేతికిచ్చిన రోజున మేమూ అలాగే ధైర్యం చేశాంలే బావా," అన్నాడు ఫ్యూజు.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ఇద్దరి మధ్య మాట ఎప్పుడూ అలాగే నడిచేది.

ఆ యంత్రం పని చిన్నదే. కావలసిన వేగం అందుకున్నాక బటన్ నొక్కితే, యాక్సిలరేటర్ మీంచి చెయ్యి తీసేసినా బండి అదే వేగంతో పోతూ ఉంటుంది. నల్ల డబ్బాలోని మోటారు కేబులు పట్టి లాగి ఉంచుతుంది. బ్రేకు ముట్టుకున్నా, క్లచ్చి ముట్టుకున్నా వదిలేస్తుంది. ఆ కంపెనీ పై రకం బళ్ళకు మాత్రమే దాన్ని ఇచ్చింది. బావది కింది రకం.

"ఇప్పుడెందుకు బావా ఇది? పద్దెనిమిదేళ్ళు లేకుండానే తిరిగావుగా."

"చెయ్యిరా. కుడి చెయ్యి." బావ అరచెయ్యి చాపి వేళ్ళు ముడిచి తెరిచాడు. "గంట నడిపితే తిమ్మిరెక్కి పట్టు జారుతోంది. వచ్చే నెల మీ అక్కని ఎక్కించుకుని దేశం చివరనున్న సముద్రం దాకా పోదామనుకుంటున్నా. వెయ్యి కిలోమీటర్ల పైన ఉంది. పెళ్ళయిన కొత్తలో ఇచ్చిన మాట. ఇంకా వాయిదా వేస్తే ఇద్దరం కర్రలు పట్టుకుని పోవాలి."

ఫ్యూజు సీటు ఎత్తి చూశాడు. ఫ్రేము పక్కన, టేపు చుట్టి కట్టేసిన ఖాళీ ప్లగ్గు ఒకటి కనిపించింది. కంపెనీ అన్ని బళ్ళకూ ఒకటే వైరింగు వేసి, ఈ బండికి ఆ యంత్రం మాత్రం పెట్టకుండా వదిలేసింది. టేపు విప్పితే పిన్నులు కొత్తవిగా మెరిసిపోతున్నాయి. పనివాడికి అలాంటివి చూస్తే చేతులు ఊరుకోవు. శనివారానికల్లా ఇస్తానన్నాడు.

ఆ నాలుగు రోజులూ బావ పొద్దున్నే వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. ట్యాంకు దించారు. గాలి డబ్బా ఊడదీశారు. నల్ల డబ్బాను ఫ్రేముకు బిగించి, కేబులు కొసను యాక్సిలరేటర్ చక్రానికి తగిలించారు. బ్రేకుకీ క్లచ్చికీ స్విచ్చులు అమర్చడానికే ఒక రోజంతా పట్టింది. లివరు దారప్పోగంత కదిలినా యంత్రం పట్టు వదలాలి. ఫ్యూజు ఆ సర్దుబాటు ఇరవై సార్లు చేసి చూసుకున్నాడు. బావ పక్కన కూర్చుని రైళ్ళ కబుర్లు చెప్పేవాడు.

గురువారం అలా ఏదో చెబుతూ చెబుతూ ఆగిపోయాడు.

"ఆ వంతెన దిగేటప్పుడు బ్రేకు ఎక్కడ వెయ్యాలంటే..." అన్నాడు, అంతే.

ఫ్యూజు స్క్రూ బిగిస్తూ, "ఊ, ఎక్కడ?" అన్నాడు. జవాబు లేదు. తలెత్తి చూశాడు. బావ ఎదురుగా గోడకున్న పానాల వరస వైపు చూస్తున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నోట్లో ఏమీ లేదుగానీ ఏదో చప్పరిస్తున్నట్టు పెదవులు కదులుతున్నాయి. ఎడమ చేతిలో టీ గ్లాసు ఒరిగి, టీ ప్యాంటు మీద సన్నగా కారుతోంది. కుడి చేతి వేళ్ళు చొక్కా గుండీని పట్టుకుని లాగుతున్నాయి, వదులుతున్నాయి, మళ్ళీ లాగుతున్నాయి.

"బావా, టీ."

బావ కదలలేదు. వీధిలో ఒక లారీ పోయింది. దాని చప్పుడు సందు చివరికి చేరి ఆగిపోయాక, బావ రెండు సార్లు కళ్ళార్పాడు.

"...రెండో స్తంభం దగ్గర వెయ్యాలి," అన్నాడు. తర్వాత తొడ తడిమి చూసుకున్నాడు. "ఇదెక్కడి తడిరా? నీ షాపు కారుతోందా?"

ఫ్యూజు నవ్వాడు. వయసు కదా, పరధ్యానం అనుకున్నాడు. తుడుచుకోమని పాత బనీను గుడ్డ అందించాడు.

అదే సాయంత్రం అక్క ఫోన్ చేసింది. అక్క ఇంట్లోనే కర్టెన్లు కుడుతుంది. ఆమె మాట్లాడుతుంటే వెనక మిషను చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఆ రోజు ఆ చప్పుడు లేదు.

"ఎంతవరకు వచ్చిందిరా?"

"అయిపోవచ్చిందక్కా. ఎల్లుండి తిప్పి చూస్తాం."

"అది పెడితే చేతికి సుఖంగా ఉంటుందంటగా."

"ఉంటుంది."

"పోయిన నెల మేం వస్తుంటే రోడ్డు మధ్యలో బండి తనంతట తనే నెమ్మదించిపోయింది. నడిచే మనిషి కంటే మెల్లగా అయిపోయింది. ఏంటంటే, చెయ్యి తిమ్మిరెక్కి జారింది అన్నాడు. వెనక లారీ లేదు కాబట్టి సరిపోయింది. అందుకే ఇది పెట్టిస్తున్నాడు, ఇంకలా నెమ్మదించకుండా." పెట్టేసే ముందు అంది, "జాగ్రత్తగా చెయ్యి తమ్ముడూ."

జాగ్రత్తగా చెయ్యి అన్న మాట ఆమె ఎప్పుడూ అనేదే. కానీ ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట ఫ్యూజు చెవిలో గుయ్యిమంటూనే ఉంది.

శనివారం ఎండ ఎక్కకముందే బండి వెనక చక్రం గాల్లోకి లేపి, ఇంజను నడిపి చూశారు. మీటరు దగ్గర చిన్న పచ్చ దీపం వెలిగింది. బ్రేకు ముట్టుకుంటే ఆరింది. పది సార్లు చూస్తే పది సార్లూ ఆరింది. బావ ముఖం చిన్నపిల్లవాడి ముఖంలా వెలిగిపోయింది.

"ఎక్కు. మొదటి ప్యాసింజరు నువ్వే," అన్నాడు.

ఊరు దాటి పెద్ద రోడ్డెక్కారు. తారు నల్లగా, తిన్నగా సాగిపోతోంది. అటూ ఇటూ కోసేసిన పొలాలు. తొంభై అందుకున్నాక బావ బొటనవేలితో బటన్ నొక్కి, కుడి చెయ్యి గాల్లోకి లేపి ఊపాడు. ఇంజను గొంతు మారలేదు. బండి గీత గీసినట్టు పోతూనే ఉంది.

"చూశావా? రైలు లాగే ఉంది," అని అరిచాడు. చెయ్యి మళ్ళీ హ్యాండిల్ మీద పెట్టుకున్నాడు. "ఈ కంపెనీవాడు అప్పట్లోనే అందరికీ ఇచ్చుంటే..."

మాట తెగిపోయింది. గాలి హోరులో తనకు వినపడలేదనుకున్నాడు ఫ్యూజు. దూరంగా ఒక ట్రాక్టరు తన దోవన మెల్లగా పోతోంది. దాని వెనక ఇనప చువ్వలు బారెడు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. కట్టిన ఎర్ర గుడ్డ ఊగుతోంది. బావ ఇప్పుడు పక్క వరసలోకి మారతాడనుకున్నాడు. మారలేదు. తర్వాత ఫ్యూజు చూపు కిందికి పోయింది. బావ కుడి చెయ్యి హ్యాండిల్ మీద లేదు. జాకెట్టు జిప్పు కొసను పట్టుకుని లాగుతోంది, వదులుతోంది, మళ్ళీ లాగుతోంది.



"బావా! బావా!"

భుజం పట్టి కుదిపాడు. మనిషి కొయ్యబొమ్మలా నిటారుగా కూర్చునే ఉన్నాడు. పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. ఎర్ర గుడ్డ మీది చిరుగు కూడా కనిపించేంత దగ్గరికి వచ్చేసింది. ఫ్యూజు తన ఛాతీని బావ వీపుకు ఆనించి, కుడి చెయ్యి అతని చంక కింది నుంచి ముందుకు చాపాడు. జీవితమంతా సందుల్లో దూర్చిన ఆ చెయ్యి రెండు వేళ్ళతో బ్రేకు లివరును అందుకుంది. దారప్పోగంత. దీపం ఆరిపోయింది. ఇంజను మూలిగి తగ్గింది. ఇంకొంచెం నొక్కాడు, గట్టిగా నొక్కితే ఇద్దరూ పోతారని తెలిసి ఊపిరి బిగబట్టి ఇంకొంచెం నొక్కాడు. చువ్వలు ముందు అద్దానికి మూరెడు దూరంలో ఆగినట్టయి, మెల్లగా దూరమయ్యాయి.

ముప్ఫై. ఇరవై. బావ ఒళ్ళు ఒకసారి జలదరించింది. చెయ్యి జిప్పు వదిలి హ్యాండిల్ మీదికి తనే వచ్చింది.

"...ఎంత బాగుండేది," అన్నాడు. తర్వాత చిరాకుగా, "బ్రేకెందుకు పట్టావురా? ఒళ్ళు పొగరెక్కిందా?"

రోడ్డు పక్కన ఆపి దిగారు. ఫ్యూజు జరిగింది జరిగినట్టు చెప్పాడు. బావ విన్నాడు. ట్రాక్టరు ఏదీ అన్నాడు. అది అప్పటికే చుక్కంత అయింది.

"నువ్వు భయపడ్డావు, అంతే. వెనక కూర్చున్నవాడికి ప్రతిదీ దగ్గరగానే కనిపిస్తుంది," అన్నాడు.

"నువ్వు చెయ్యి వదిలేశావు బావా."

"వదిలెయ్యడానికేగా ఇది పెట్టించుకుంది?"

ఫ్యూజు, వైరు ఏదో వదులైనట్టుందని అబద్ధం చెప్పి, బండి తనే నడిపి తెచ్చి, బావను ఇంటి దగ్గర దించి షాపుకు వచ్చేశాడు. వచ్చీ రాగానే సీటెత్తి ప్లగ్గు ఊడబీకాడు. ట్యాంకు పక్క నుంచి చెయ్యి దూర్చి ఇంకేవో విప్పాడు. ఆ మధ్యాహ్నం ఏం చేశాడో అతనికి సరిగ్గా గుర్తులేదు.

మర్నాడు బావ క్షౌరానికి వెళ్ళే వేళ చూసుకుని అక్క ఇంటికి వెళ్ళాడు. అక్క ఒళ్ళో గుడ్డ పెట్టుకుని అంచు మడుస్తోంది. అతను చెప్పడం మొదలుపెట్టాడు. సగంలోనే ఆమె చేతులు ఆగిపోయాయి. కానీ ఆమె ముఖంలో ఆశ్చర్యం కనపడలేదు. అది చూసి ఫ్యూజు కూడా ఆగిపోయాడు.

"నీకు తెలుసా అక్కా?"

ఆమె సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది.

"రైలింజనులో ఒక బటన్ ఉంటుందట. నిమిషానికోసారి నొక్కాలి. నొక్కకపోతే దీపం వెలుగుతుంది, తర్వాత గంట మోగుతుంది, అప్పటికీ నొక్కకపోతే రైలు తనే బ్రేకు వేసుకుని ఆగిపోతుంది. మీ బావ నడిపే రైలు అలా రెండుసార్లు ఆగింది. కునుకు పట్టింది అని చెప్పాడు. తోటివాళ్ళు మంచివాళ్ళు, పైకి పోనివ్వలేదు. మూడోసారి ఆగకముందే తనే కాగితం రాసిచ్చాడు."

"ఎన్నేళ్ళ నుంచి?"

"మూడేళ్ళు. ఎక్కువగా రాదు. నెలకో, రెండు నెలలకో. బండి మీద పోతున్నప్పుడు వస్తే నాకు ముందే తెలిసిపోతుంది. చెయ్యి సడలుతుంది, బండి నెమ్మదిస్తుంది. అప్పుడు వీపు మీద తడతాను, పేరు పెట్టి పిలుస్తాను, పక్కకి వాలకుండా పట్టుకుంటాను. ఈలోపు తేరుకుంటాడు. అందుకే ఆయన ఎక్కడికి పోయినా నేను వెనక ఎక్కుతాను. జనం ఏమో, ఈ వయసులో ఎంత ప్రేమో అనుకుంటారు."

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"డాక్టరుకు చూపించొచ్చుగా అక్కా?"

"చెబితే లైసెన్సు లాగేసుకుంటారన్నాడు. ముప్ఫై రెండేళ్ళు వేలమందిని మోసినవాణ్ణి, నన్ను సీటు దింపి కూర్చోబెడతావా అన్నాడు. నాకు నోరు రాలేదు." కాసేపు గుడ్డ అంచును వేళ్ళతో నొక్కుతూ కూర్చుంది. "అది పెడితే బండి నెమ్మదించదని నేను ఆలోచించలేదురా. చేతికి సుఖం అన్నాడు, సరే అన్నాను. నెమ్మదించకపోతే నాకెలా తెలుస్తుంది?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే మనిషి విరిగిపోతాడు, చెప్పకపోతే మనిషే ఉండడు. చివరికి ఇద్దరూ ఒక మాటకొచ్చారు. పై ఊళ్ళో ఉద్యోగం చేసే కూతురు గురువారం వస్తోంది. బావ ఎవరి మాటైనా వింటే ఆ పిల్ల మాటే. ముగ్గురూ కూర్చోబెట్టి చెప్పాలి. అప్పటిదాకా బండి షాపులోనే ఉండాలి.

కానీ సోమవారం సాయంత్రమే బావ షాపుకొచ్చి తాళం అడిగాడు.

"ఇంకా కాలేదు బావా. ఒక భాగం రావాలి."

"రానీ. వచ్చినప్పుడు పెడుదువుగానీ. నా బండి నా ఇంట్లో ఉంటుంది."

క్రూజు పనిచెయ్యదు కదా, పద్దెనిమిదేళ్ళుగా ఎలా ఉందో అలాగే ఉంటుంది కదా, వెనక అక్క ఎలాగూ ఎక్కుతుంది కదా అని ఫ్యూజు తనకు తనే చెప్పుకున్నాడు. తాళం తీసి చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ఎన్ని రోజులు ఆ క్షణాన్ని తల్చుకుని తన చేతినే తిట్టుకున్నాడో లెక్కలేదు.

బుధవారం పొద్దున తొమ్మిదింటికి అక్క ఫోన్ చేసింది.

"పెట్రోలు పోయించుకొస్తానని ఏడింటికి వెళ్ళాడు. ఇంకా రాలేదు. ఫోన్ ఎత్తడం లేదు."

"బంకు సందు చివరేగా?"

"అక్కడ అడిగాను. ట్యాంకు నిండా పోయించుకుని పెద్ద రోడ్డు వైపు వెళ్ళాడట." "నిన్న మధ్యాహ్నం సీటు పైకెత్తి చాలాసేపు కూర్చున్నాడురా. తర్వాత లోపలికొచ్చి, మీ తమ్ముడు పెద్ద ఘనుడే, ప్లగ్గు ఊడదీసి భాగం రావాలంటాడు, నాకు వైర్లు తెలియవనుకున్నాడా అన్నాడు."

ఫ్యూజు షాపు మూసేశాడు.

అతను తన పాత వ్యానులో అక్కను ఎక్కించుకుని పెద్ద రోడ్డెక్కాడు. ఎంత గుర్తు తెచ్చుకున్నా ఒక్క సంగతి తేలడం లేదు. ఆ శనివారం ప్లగ్గు ఊడబీకిన మాట నిజం. కేబులు కొస కూడా యాక్సిలరేటర్ చక్రం నుంచి తప్పించాడా, తప్పిద్దామని అనుకుని ఊరుకున్నాడా? ట్యాంకు పక్క నుంచి చెయ్యి దూర్చినట్టు గుర్తుంది. చేతికి ఏదో చల్లగా తగిలినట్టు గుర్తుంది. తర్వాత ఏం చేశాడు? తప్పించి ఉంటే ప్లగ్గు పెట్టినా దీపం వెలుగుతుందిగానీ బండిని పట్టి ఉంచదు. తప్పించకపోయి ఉంటే, తొంభై మీద కళ్ళు తెరుచుకుని చూడని మనిషిని మోసుకుంటూ ఆ బండి ఎక్కడిదాకా పోగలదు? ట్యాంకు నిండా పెట్రోలుంది.

అక్క రోడ్డుకు ఎడమ పక్కంతా చూస్తూ కూర్చుంది. ఆమె కుడి చెయ్యి ఒళ్ళో కదులుతోంది. తనకు తెలియకుండానే తన మోకాలిని తడుతోంది, ఆగుతోంది, మళ్ళీ తడుతోంది.

నలభై కిలోమీటర్లు దాటాక ఒక వంతెన దగ్గర లారీలు రెండు ఆగి ఉన్నాయి. జనం గుమిగూడారు. ఫ్యూజు వ్యాను ఆపలేక ఆపాడు. అక్క తలుపు తీసుకుని ముందే దిగిపోయింది. గుంపును తోసుకుని పోయి, వెంటనే వెనక్కి వచ్చింది.

"వేరే ఎవరిదో. కూరగాయల ఆటో," అంది. తిరిగి సీట్లో కూర్చుని కొంగుతో ముఖం కప్పుకుంది. "పోనీరా, ముందుకు పోనీ."

ఇంకో పదకొండు కిలోమీటర్ల అవతల, రోడ్డు కుడికి వంపు తిరిగే చోట, బండి కనిపించింది. వంపు తిరగకుండా తిన్నగా పోయి, రోడ్డంచు దాటి, మెత్తటి మట్టిలో కూరుకుని ఎడమ పక్కకు పడుకుని ఉంది. ఇంజను ఆగిపోయినా తాళం తియ్యలేదు. పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. ఇంకో ఆరడుగులు పోతే కాలువ. కాలువ గట్టుకు రాళ్ళు పేర్చి ఉన్నాయి.

బావ మట్టిలోనే కూర్చుని ఉన్నాడు. హెల్మెట్టు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎడమ భుజం కిందికి జారి వింతగా వేలాడుతోంది. అక్కను చూసి అతను లేవబోయాడు.

"సిగ్నల్ ఇచ్చారా?" అని అడిగాడు. "ఇందాకటి నుంచి కూర్చున్నాను. ఇంకా ఇవ్వలేదు."

"ఇచ్చారు," అంది అక్క. "పోదాం పద." అతని పక్కన మట్టిలో కూర్చుని, మంచి భుజం మీద తల ఆనించింది.

ఫ్యూజు బండి దగ్గరికి పోయి, ట్యాంకు పక్క సందులోకి చెయ్యి దూర్చాడు. వేళ్ళకు టేపు తగిలింది. కేబులు కొస చక్రానికి లేదు. ఫ్రేముకు చుట్టి, టేపుతో మూడు చుట్లు కట్టేసి ఉంది. తనే కట్టాడు. ఆ కట్టు తనదేనని వేళ్ళు గుర్తుపట్టాయి, మనసుకు మాత్రం ఎంతకీ గుర్తు రాలేదు. చెయ్యి బయటికి తీసి, తాళం తిప్పి పచ్చ దీపం ఆర్పాడు.

ఆసుపత్రిలో భుజం ఎముకకు కట్టు కట్టారు. గురువారం కూతురొచ్చి తండ్రిని నరాల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. తలకు తీగలు అంటించి కాగితం మీద గీతలు గీయించారు. మూర్ఛ అంది డాక్టరమ్మ. నేనెప్పుడూ నురగలు కక్కి పడిపోలేదే అన్నాడు బావ. పడిపోయేదే మూర్ఛ కాదు, కళ్ళు తెరిచి కూర్చునే రకం కూడా ఉంటుంది, మీకు వచ్చేది అది, చెయ్యి తిమ్మిరి కూడా దాన్నుంచే అందామె. మాత్రలు రాసింది. బండి ఇక నడపకూడదని మామూలు గొంతుతోనే చెప్పింది. బావ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఇంటిదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఫ్యూజుతో అయితే ఏడు నెలలు మాట్లాడలేదు. అతను ఇంటికి వస్తే లేచి లోపలికి పోయేవాడు. ప్రాణం కాపాడినందుకా, అబద్ధం చెప్పినందుకా, చూసినందుకా అని ఫ్యూజు చాలాసార్లు ఆలోచించాడు. అక్కను అడిగితే, మూడూ కావచ్చు, ఏదీ కాకపోవచ్చు, వదిలెయ్యి అంది. మాత్రలు పడ్డాక మొదటి మూడు నెలల్లో మూర్ఛ రెండుసార్లు వచ్చింది. తర్వాత రాలేదు. అయినా అక్క రాత్రి పక్క వేసేటప్పుడు కూడా అతని చేతి వంక చూస్తూనే ఉండేది.

సముద్రానికి వాళ్ళు రైల్లో వెళ్ళారు. రెండు రోజులుండి వచ్చారు. ఎలా ఉంది అంటే బావ, నీళ్ళే కదా, అన్నాడట.

ఎనిమిదో నెలలో బండి అమ్మకానికి పెట్టారు. కొనడానికి వచ్చినామె డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఒంటరిగా దూరాలు తిరగడం ఆమెకు సరదా. క్రూజు ఉందని చూసి సంబరపడింది. అది పని చెయ్యాలని అడిగింది. బావే ఫ్యూజుకు ఫోన్ చేశాడు. "వచ్చి కలిపెయ్యి," అన్నాడు. ఏడు నెలల తర్వాత మొదటి మాట అదే.

ఫ్యూజు వెళ్ళి టేపు విప్పి, కేబులు కొస మళ్ళీ చక్రానికి తగిలించాడు. బ్రేకు స్విచ్చులు చూశాడు. బావ వరండా మెట్టు మీద నిలబడి చూస్తూ ఉన్నాడు. అంతా అయ్యాక మెల్లగా దిగి వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"అమ్మా, ఒక్క మాట. మీకెప్పుడైనా కళ్ళు తెరిచి ఉండగానే కాస్త కాలం మాయమైపోయిందా?"

ఆమెకు అర్థం కాలేదు. "అంటే?"

"మాట మధ్యలో ఉన్నారు. చూస్తే టీ చల్లారిపోయి ఉంటుంది. రోడ్డు మీద ఉన్నారు. చూస్తే ఊరు దాటిపోయి ఉంటుంది. మధ్యలో ఏమైందో లేదు. అలా?"

"మా పిల్లలకి నా క్లాసులో రోజూ అవుతుంది," అని ఆమె నవ్వేసింది.

బావ నవ్వలేదు. జవాబు కోసం అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు ముందు ఆమె నవ్వు మెల్లగా తగ్గిపోయింది.

"లేదండీ," అంది. "ఎప్పుడూ లేదు."

"మీ ఇంట్లోవాళ్ళని కూడా అడగండి," అన్నాడు బావ. "మనకి తెలియదు. అది వాళ్ళకే తెలుస్తుంది."

ఆమె బండి తీసుకుని సందు మలుపు తిరిగింది. ఆ ఇంజను చప్పుడు చాలా దూరం దాకా వినిపించింది. అది పూర్తిగా ఆగిపోయాక బావ ఫ్యూజు వైపు తిరిగి, "టీ తాగి పో," అన్నాడు.